ఎయిర్‌గన్ గురి పాఠాలు – 6: స్కోప్ బిగింపు, లోపం తేల్చుకోవడం, వారంటీకి పంపడం

గత పాఠంలో తుపాకీకి తగిన స్కోప్‌ను ఎంచుకోవడం గురించి చెప్పుకున్నాం. ఈ పాఠంలో దాన్ని తుపాకీ మీద కూర్చోబెడతాం. ఆ తరువాత గురి నిలవకపోతే తప్పు స్కోప్‌దా, బిగింపుదా అని తేల్చుకోవడం నేర్చుకుంటాం. తప్పు నిజంగా స్కోప్‌దే అయితే దాన్ని తయారీదారుకు ఎలా పంపాలో చివర చూస్తాం. ఈ మూడింటినీ ఒకే పాఠంలో పెట్టడానికి కారణం ఉంది. చెడిపోయిందని పక్కన పెట్టేసిన స్కోప్‌లు నేను చాలా చూశాను. వాటిలో ఎక్కువ వాటికి ఏ లోపమూ లేదు, లోపమంతా స్కోప్‌ను పట్టే రింగుల్లోనో, అవి కూర్చునే తుపాకీ పైభాగపు రైలు మీదో ఉంది. బిగింపు సరిగా ఉందని ముందు మీకు నమ్మకం కుదిరితేనే స్కోప్ మీద మీరు చేసే ఫిర్యాదుకు బలం ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు తుపాకీలో పెల్లెట్ లేదని, స్ప్రింగు ఎక్కుపెట్టి లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోండి. కంటి దూరం, అంటే కంటికీ స్కోప్‌కూ మధ్య ఉండవలసిన దూరం, సరిచూసేటప్పుడు తుపాకీని పదే పదే భుజానికి ఆనించుకుంటాం కాబట్టి ఈ జాగ్రత్త ఒక్కసారితో సరిపోదు. తుపాకీ చేతిలోంచి కింద పెట్టి మళ్లీ తీసుకున్న ప్రతిసారీ చూడాలి.

స్ప్రింగు తుపాకీ స్కోప్‌ను ఎందుకు పాడుచేస్తుంది

మందుగుండు తుపాకీ పేలినప్పుడు వెనక్కి మాత్రమే తన్నుతుంది. స్ప్రింగు ఎయిర్‌గన్ రెండుసార్లు తన్నుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోతుంది, దానికి ప్రతిగా తుపాకీ వెనక్కి జరుగుతుంది. వెంటనే పిస్టన్ తన ముందు నొక్కుకుపోయిన గాలిని ఢీకొని ఆగుతుంది, అప్పుడు తుపాకీ ఒక్క కుదుపుతో ముందుకు ఉరుకుతుంది. మందుగుండు తుపాకీల కోసం చేసిన స్కోప్‌లలో లోపలి కటకాలకూ రెటికిల్‌కూ (గురి చూసే గీతలకూ) వెనుక వైపు తన్నును తట్టుకునే ఆధారమే ప్రధానంగా ఉంటుంది. ముందు వైపు కుదుపు వాటికి కొత్త. అందుకే పెద్ద తుపాకీ మీద ఏళ్ల తరబడి నిలిచిన ఖరీదైన స్కోప్ కూడా చిన్న స్ప్రింగు తుపాకీ మీద కొద్ది రోజుల్లోనే పాడయ్యే అవకాశం ఉంది. గ్యాస్ పిస్టన్ తుపాకీకీ ఇదే వర్తిస్తుంది. ముందుగా నింపిన గాలితో పనిచేసే పీసీపీ తుపాకీలో కదిలే బరువైన పిస్టన్ లేదు కాబట్టి దాని మీద దాదాపు ఏ స్కోప్ అయినా నిలుస్తుంది.

రెండో కుదుపు వల్ల మరో ఇబ్బంది ఉంది. బస్సు ఒక్కసారిగా ముందుకు ఉరికితే నిలబడినవారు వెనక్కి తూలినట్లు, తుపాకీ ముందుకు ఉరికినప్పుడు స్కోప్ తన బరువు కొద్దీ వెనక్కి జారుతుంది. ఒక్కో కాల్పుకు ఆ జారుడు కంటికి కనిపించదు. యాభై పెల్లెట్లు కాల్చాక చూస్తే మౌంట్ (రింగులతో స్కోప్‌ను రైలుకు పట్టి ఉంచే భాగం) ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చి ఉంటుంది.

రైలు, మౌంట్, ఆపుడు పిన్ను

ఎయిర్‌గన్‌ల మీద ఎక్కువగా కనిపించేది తుపాకీ పైభాగంలోనే చెక్కిన డవ్‌టెయిల్ గాడి. దాన్ని 11 మిల్లీమీటర్ల గాడి అని పిలుస్తారు గానీ, కొలిచి చూస్తే తయారీదారును బట్టి వెడల్పు 9.5 నుంచి 13.5 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. గాడి కోణం కూడా అన్నిటికీ ఒకటి కాదు. కాబట్టి మౌంట్ దవడ గాడి అంచును పొడవునా పట్టిందా, లేక ఒక మూలనే కొరికిందా అన్నది వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. అడ్డంగా గాళ్లు ఉన్న రైలులో రెండు రకాలున్నాయి. పికటినీ రైలును అమెరికా సైన్యం 1995లో ప్రామాణికం చేసింది. దాని అడ్డగాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు. అంతకంటే పాతదైన వీవర్ రైలు గాడి 4.57 మిల్లీమీటర్లు. అందువల్ల వీవర్ మౌంట్ పికటినీ రైలు మీద కూర్చుంటుంది, పికటినీ మౌంట్ మాత్రం చాలాసార్లు వీవర్ రైలులో దిగదు.

డవ్‌టెయిల్ గాడి ఉన్న స్ప్రింగు తుపాకీకి ఆపుడు పిన్ను తప్పనిసరి. తుపాకీ పైన, గాడికి వెనుక వైపు ఒకటో రెండో చిన్న రంధ్రాలుంటాయి. మౌంట్ అడుగున ఉండే పిన్ను ఆ రంధ్రంలో దిగి, దాని వెనుక గోడకు ఆనుకోవాలి. పిన్ను రంధ్రంలోకి దిగాక, దవడలు బిగించే ముందే మౌంట్‌ను వెనక్కి నెట్టి పట్టుకోండి. ఆ ఒత్తిడి ఉండగానే బిగించండి. మధ్యలో అర మిల్లీమీటరు ఖాళీ మిగిలినా, మొదటి కాల్పులోనే మౌంట్ ఆ ఖాళీ మేర పరుగెత్తి పిన్నును ఆ గోడకు గుద్దుతుంది. రంధ్రాలే లేని తుపాకీకి రెండు రింగులు కలిసి ఉన్న ఏకఖండ మౌంట్ తీసుకోండి. దాని పట్టు పొడవు ఎక్కువ, జారుడు తక్కువ. దవడలను మరింత బిగిస్తే పిన్ను అవసరం ఉండదని చెప్పేవారున్నారు. వారితో నేను ఏకీభవించను. అలా బిగించడం వల్ల గాడి అంచు నలుగుతుంది, మౌంట్ మాత్రం జారుతూనే ఉంటుంది.

రింగుల కొలత స్కోప్ గొట్టం కొలతతో సరిగ్గా కలవాలి. గొట్టం ఎక్కువగా ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు, లేదా 30 మిల్లీమీటర్లు ఉంటుంది. అడుగు రింగులు బిగించాక గొట్టాన్ని వాటిలో పడుకోబెట్టి, పై రింగులు వేసి, స్క్రూలను వేళ్లకు తగిలేంత వరకే తిప్పండి. ఇప్పుడు కళ్లు మూసుకుని తుపాకీని సహజంగా భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవండి. చుట్టూ నల్లని నీడ లేకుండా పూర్తి వృత్తం కనిపించేదాకా స్కోప్‌ను ముందుకో వెనక్కో జరపండి. ఎక్కువ స్కోప్‌లకు ఈ కంటి దూరం 75 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మార్చుకోగల పెద్దతనం (బొమ్మను ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందన్నది) ఉన్న స్కోప్‌ను అత్యధిక పెద్దతనం దగ్గర పెట్టి సరిచూడాలి, ఎందుకంటే కంటి దూరం అక్కడే ఇరుకుగా ఉంటుంది.

తరువాత రెటికిల్‌ను నిటారుగా నిలపాలి. పది పదిహేను మీటర్ల దూరంలో దారానికి బరువు కట్టి వేలాడదీయండి. తుపాకీని రసమట్టంతో సమంగా నిలిపి, రెటికిల్ నిలువు గీత ఆ దారంతో కలిసేదాకా గొట్టాన్ని తిప్పండి. ఇది అందం కోసం చేసే పని కాదు. సెకనుకు 240 మీటర్ల వేగంతో బయలుదేరిన పెల్లెట్ 45 మీటర్లు చేరేసరికి బ్యారెల్ గీత నుంచి దాదాపు 20 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. తుపాకీ 3 డిగ్రీలు పక్కకు వాలితే అదే పెల్లెట్ సుమారు ఒక సెంటీమీటరు పక్కకు పోతుంది. దగ్గర దూరంలో ఈ తేడా కనిపించదు కాబట్టి చాలామంది దీన్ని గాలి మీదికి నెట్టేస్తారు.

పై రింగుల స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, రెండు వైపులా ఖాళీ సమానంగా ఉండేటట్లు బిగించండి. మౌంట్ తయారీదారు చెప్పిన బిగింపు కొలతే ప్రమాణం; రింగు స్క్రూలకు సాధారణంగా అది 15 నుంచి 18 అంగుళ పౌండ్లు, అంటే సుమారు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు. టార్క్ కొలిచే పనిముట్టు లేనివారు అలెన్ కీని పొడుగు కాలితో కాక పొట్టి కాలితో పట్టుకుని రెండు వేళ్ల బలంతో బిగిస్తే హద్దు మీరరు. ఎక్కువ బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. బయట గుండ్రటి మచ్చ పడుతుంది, లోపల కటకాలను మోసే గొట్టం పట్టేస్తుంది, టరెట్ (గురిని సరిదిద్దే మర) తిప్పినా గురి కదలదు. పైగా రింగు మచ్చలున్న స్కోప్‌ను వారంటీ కేంద్రం వారు మొదట అనుమానంగానే చూస్తారు.

బ్యారెల్‌ను విరిచి ఎక్కుపెట్టే తుపాకీల్లో బ్యారెల్ కొద్దిగా కిందికి వాలి ఉండటం తరచుగా కనిపిస్తుంది. అప్పుడు పెల్లెట్లు బాగా కింద తగులుతాయి, మీరు ఎత్తు టరెట్‌ను చివరిదాకా పైకి తిప్పుతారు. అక్కడే చిక్కు మొదలవుతుంది. టరెట్ పైకి లేచే కొద్దీ లోపలి గొట్టాన్ని నొక్కి పట్టే స్ప్రింగు సాగి బలహీనపడుతుంది, ప్రతి కుదుపుకూ ఆ గొట్టం ఊగి కొత్త చోట నిలుస్తుంది, గుంపు (వరుసగా కాల్చిన పెల్లెట్లు తగిలిన రంధ్రాల కూడిక) చెదిరిపోతుంది. చూసేవారికి స్కోప్ విరిగినట్లే ఉంటుంది. దీనికి మందు వెనుక రింగును ఎత్తడం. రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లయితే, వెనుక రింగు అడుగున 0.1 మిల్లీమీటరు మందం పలుచని రేకు వేసినప్పుడు 25 మీటర్ల దగ్గర తగిలే చోటు 25 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. రెండు మూడు రేకులు దాటి వేయవలసి వస్తే ఆపేయండి, గొట్టం వంగుతుంది; వాలు సరిదిద్దే మౌంట్ కొనుక్కోవడమే మేలు.

లోపం ఎక్కడుంది

గురి నిలవనప్పుడు నేను పాటించే క్రమం ఇది. మొదట తుపాకీ చెక్కను లోహానికి కలిపే స్క్రూలు, తరువాత మౌంట్ దవడలు, ఆ తరువాత రింగులు. బిగించే ముందే మౌంట్ అంచు దగ్గర రైలు మీద పెన్సిల్‌తో సన్నని గీత గీసి ఉంచితే, జారుడు ఉందా లేదా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ తరువాత ఇన్నాళ్లూ సరిగా పడిన పెల్లెట్ రకంతోనే మళ్లీ కాల్చండి. స్ప్రింగు తుపాకీని గట్టిగా అదిమి పట్టినా, గట్టి ఆధారం మీద నేరుగా పెట్టినా గుంపు చెదురుతుంది కాబట్టి అరచేతి మీద మెత్తగా, ప్రతిసారీ ఒకే చోట ఆనించి కాల్చాలి. పదిమీటర్ల దగ్గర కన్ను కొద్దిగా జరపగానే గీతలు లక్ష్యం మీద జరిగితే అది పారలాక్స్. మందుగుండు తుపాకీల స్కోప్‌లు చాలావరకు 100 గజాలకు సరిచేసి ఉంటాయి, అందుకే ఇంత దగ్గరలో ఇలా అవుతుంది. అది చెడిపోవడం కాదు.

ఇవన్నీ అయ్యాక చతురస్ర పరీక్ష చేయండి. 20 మీటర్ల దగ్గర మూడు పెల్లెట్లు కాల్చి, టరెట్‌ను 40 క్లిక్కులు కుడికి, 40 పైకి, 40 ఎడమకు, 40 కిందికి తిప్పుతూ, ప్రతి మూలలో మూడేసి కాల్చండి. క్లిక్కు విలువ పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) అయితే ఒక్కో భుజం 58 మిల్లీమీటర్లు రావాలి, చివరి మూడూ మొదటి చోటే తగలాలి. భుజాలు వంకరపోయినా, చివరి గుంపు తిరిగి రాకపోయినా లోపం లోపలిదే కావచ్చు. అయినా నిలకడ తెలిసిన మరో స్కోప్‌ను అదే మౌంట్‌లో పెట్టి కాల్చి చూసేదాకా తీర్పు చెప్పకండి.

కొన్ని లోపాలకు ఏ పరీక్షా అక్కర్లేదు. రెటికిల్ గీత తెగడం లేదా తిరిగిపోవడం, ఊపితే లోపల గలగలమనడం, కటకం మీద లోపలి వైపు చెమ్మ పట్టడం అలాంటివి. ఈ చివరిదాన్ని జాగ్రత్తగా చూడాలి. చల్లని చోటి నుంచి వెచ్చని చోటికి తెస్తే బయటి అద్దం మీద ఆవిరి పట్టడం మామూలే, తుడిస్తే పోతుంది. తుడిచినా పోనిదైతే లోపల నింపిన నైట్రోజన్ బయటికి పోయి తేమ చేరిందని అర్థం.

వారంటీకి పంపడం

మొదటి నియమం: విప్పకండి. టరెట్ లోపలి స్క్రూలు, కటకాల ముందున్న బిగింపు వలయాలు కదిపితే ముద్ర పోతుంది, హక్కూ పోతుంది. రెండోది: వారంటీ పత్రాన్ని కొన్న రోజే చదవండి. కొన్ని కంపెనీలు స్ప్రింగు ఎయిర్‌గన్ మీద వాడితే బాధ్యత తమది కాదని రాస్తాయి, కొన్ని ఎయిర్‌గన్‌కు తగినదని స్పష్టంగా రాస్తాయి. మీకు కావలసింది ఆ రెండో మాట. వోర్టెక్స్ వంటి కంపెనీలు రసీదు అడగకుండా జీవితకాల హామీ ఇస్తాయి గానీ, పోగొట్టుకోవడానికి, దొంగతనానికి, కావాలని పాడుచేసినదానికి అది వర్తించదు. వెలిగే రెటికిల్ ఉన్న స్కోప్‌లలో విద్యుత్ భాగాలకు వేరే, తక్కువ గడువు ఉండవచ్చు.

ఇక ఫిర్యాదు. కొన్నేళ్ల కిందట నేను ఒక స్కోప్‌ను “గురి నిలవడం లేదు” అన్న ఒక్క వాక్యంతో పంపాను. ఆరు వారాల తరువాత “లోపం కనబడలేదు” అన్న చీటీతో అది తిరిగి వచ్చింది. అప్పుడు మౌంట్ విప్పి చూస్తే పిన్ను రంధ్రంలో దిగనేలేదు. ఆ ఆరు వారాలు నాకు ఎంతో బాధ కలిగించాయి, అందుకే ఈ భాగాన్ని ఇంత వివరంగా రాస్తున్నాను. మీరు రాయవలసింది ఇలా ఉండాలి: “స్ప్రింగు తుపాకీ మీద ఏకఖండ మౌంట్‌తో, ఆపుడు పిన్నుతో వాడాను. మౌంట్ జారలేదు. 20 మీటర్ల దగ్గర 40 క్లిక్కులు పైకి తిప్పితే తగిలే చోటు 58 మిల్లీమీటర్లకు బదులు 20 మిల్లీమీటర్లే లేచింది. తిరిగి కిందికి తిప్పినప్పుడు మొదటి చోటికి రాలేదు. అదే మౌంట్‌లో మరో స్కోప్ సరిగా పనిచేసింది. కాల్చిన కాగితం జత చేశాను.” పరీక్షించే మనిషికి ఎక్కడ చూడాలో అప్పుడు తెలుస్తుంది.

ముందుగా కంపెనీకి రాసి, వారు ఇచ్చే ఫిర్యాదు సంఖ్య వచ్చాకే పార్సిల్ కట్టండి. క్రమ సంఖ్యను, స్కోప్‌ను అన్ని వైపులా ఫొటోలు తీయండి. వారు అడిగితే తప్ప రింగులు, ఎండ గొట్టం, కటకం మూతలు పంపకండి. అవి తిరిగి రాకపోవచ్చు. వెలిగే రెటికిల్ ఉంటే బ్యాటరీ తీసేయండి. స్కోప్ పెట్టెను మరో పెద్ద పెట్టెలో, చుట్టూ ఐదు సెంటీమీటర్ల మెత్తని పొరతో పెట్టి, బీమాతో, జాడ తెలిసే పద్ధతిలో పంపండి. సరిహద్దు దాటి వెళ్లవలసి వస్తే తుపాకీ స్కోప్‌ల ఎగుమతికి అనుమతి కావాలా అన్నది, మరమ్మతుకు వెళ్లి తిరిగి వచ్చిన వస్తువుగా సుంకం మినహాయింపు ఉంటుందా అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

తిరిగి వచ్చినది మీ పాత స్కోప్ కాకపోవచ్చు. చాలాసార్లు సమానమైన కొత్తదే ఇస్తారు. కొత్త క్రమ సంఖ్యను రాసిపెట్టుకోండి. బిగించే ముందు ముందు కటకాన్ని అద్దానికి ఆనించి, తక్కువ పెద్దతనంతో లోపలికి చూడండి: రెటికిల్, దాని ప్రతిబింబం రెండూ కనిపిస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి కలిసేదాకా టరెట్లు తిప్పితే రెటికిల్ నడిమధ్యకు వస్తుంది.

వచ్చే పాఠం గురి కుదర్చడం. దానికి ముందు రైలు మీద పెన్సిల్ గీత గీసి, యాభై పెల్లెట్లు కాల్చి, గీతకూ మౌంట్‌కూ మధ్య ఎంత ఖాళీ వచ్చిందో కొలిచి రాసుకోండి. ఖాళీ ఏ కొంచెం వచ్చినా ఈ పాఠంలోని పిన్ను భాగాన్ని మళ్లీ చేసి, మరో యాభై కాల్చాకే ఏడో పాఠం తెరవండి.