పంచాయతీ లెక్క అడగడం ఎలా

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ గుమాస్తాగా ముప్పై ఏళ్లు లెక్కలు రాశాను. నా వాదన ఒక్కటే: కొత్త పన్ను వేసే ముందు పాత పన్ను ఏటయిందో చెప్పాలి. మా నాన్నది సర్కారు ఖర్చు తగ్గాలనే స్వతంత్ర పార్టీ, 1967లో రైతు నాయకుడు ఎన్.జి. రంగాని శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు పంపిన పార్టీ. ఆ పిసినారితనం నాకూ అబ్బింది.

ముందు మూడేళ్ల ఇంటిపన్ను రసీదులు తీసి పెట్టుకోండి. ఫోన్లో పంచాయతీల ఖర్చులు చూపే సర్కారు యాప్ ఈ-గ్రామ్‌స్వరాజ్ తెరిచి, మీ పంచాయతీ ఏ పనికి ఎంత చెల్లించిందో కాగితం మీద ఎక్కించండి. తర్వాత కాళ్లకు పని చెప్పండి. మా ఊళ్లో కాలవ పూడిక తీసేశామని రాసుకున్నారు. అదే వారం ఆ బురదలో నా చెప్పు పోయింది!

తేడా కనిపిస్తే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘అవినీతి జరిగిందా?’ అని రాస్తే పనికిరాదు బాబూ. బిల్లు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు ఇమ్మని రాయండి. ఎం-బుక్కులో పొడవు, వెడల్పు, లోతు ఉంటాయి, టేపు పట్టుకెళ్లి మీరే కొలవొచ్చు.

అవి చేతపట్టుకుని గ్రామసభకు వెళ్లండి. సర్పంచి మీచేత ఓటేయించుకున్నవాడైతే మరీ గట్టిగా అడగండి. కొత్తగా ఏమిస్తారని కాదు, ఏ ఖర్చు ఆపుతారని.