జాజ్ ఆల్బమ్ కవర్‌ని గోరంత చేసి చూడండి

కొత్త జాజ్ ఆల్బమ్‌కి బొమ్మ ఎంచుకునేటప్పుడు బ్యాండ్‌లో అందరూ ల్యాప్‌టాప్ చుట్టూ మూగి, తెర నిండా పెట్టుకుని చూస్తారు. అంత పెద్దగా చూస్తే ఏదైనా బాగానే ఉంటుంది. దాన్ని ఫోన్‌లోకి పంపించుకుని, బొటనవేలి గోరంతకి కుదించి, చెయ్యి చాచి చూడండి. వినేవాళ్లకి మొదట కనబడేది అంతే. నలుగురూ వరసగా నిలబడ్డ ఫోటో అయితే నాలుగు చీమలే మిగుల్తాయి. శాక్సొఫోన్ మీటల మీద వేళ్లు మాత్రమే ఉన్న ఫోటో అయితే నిలబడుతుంది.

నమ్మకం కుదరకపోతే 1950, 60ల్లో బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీకి డిజైనర్ రీడ్ మైల్స్ చేసిన కవర్లు వెతికి చూడండి. ఫ్రాన్సిస్ వుల్ఫ్ తీసిన నలుపు తెలుపు ఫోటోల్ని జాలి లేకుండా కత్తిరించి, చాలాసార్లు ఒక్క రంగే పూసి, అక్షరాలనే బొమ్మలా పేర్చేవాడు. పన్నెండు అంగుళాల రికార్డు అట్ట కోసం చేసినవి, ఇవాళ ఫోన్‌లోనూ చెక్కుచెదరలేదు!

అన్నట్టు, బొమ్మ గీసింది మీ స్నేహితుడే అయినా సరే, దాన్ని వాడుకునే అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. టీషర్టులూ పోస్టర్లూ కూడా అందులోనే కలిపేయండి, తర్వాత అడగడం మొహమాటం.