బొవాఫోలా వేళ్లతో ముఖం వేయాలంటే

ముందు నల్ల రంగు ట్యూబు తీసి అవతల పెట్టండి. నల్లటి ముఖానికి దాని అవసరం లేదు. బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ), బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), ఒక ముదురు ఎరుపు, కాస్త తెలుపు చాలు. ఆయిల్ రంగులే తీసుకోండి, స్టూడెంట్ రకమైనా పరవాలేదు.

వేళ్లతో ముఖం వేసే ఈ పద్ధతి ఘానా చిత్రకారుడు అమొవాకో బొవాఫోది. ఆయన 1984లో అక్రాలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి వంటపని చేసి పెంచింది. టెన్నిస్ ఆడుకుంటూ తిరిగే కుర్రాడు, తల్లి పనిచేసే చోట ఒకాయన ఫీజు కడతానంటే ఘనట్టా ఆర్ట్ కాలేజీలో చేరాడు. తర్వాత వియన్నా వెళ్లి అక్కడి ఫైన్ ఆర్ట్స్ అకాడమీలో చదివాడు. ఆ ఊరి పాత చిత్రకారుడు ఎగాన్ షీలే గీత ప్రభావం ఈయన మీద కనిపిస్తుంది. మనుషులు మాత్రం తనవాళ్లే. నల్లవాళ్లు, దర్జాగా కూర్చుని సూటిగా మన కళ్లలోకి చూస్తుంటారు. ఒంటిని ఆయన బ్రష్‌తో కాకుండా వేళ్లతో వేస్తాడు. వెనక గోడ చాలాసార్లు చదునుగా ఒకే రంగు. అందుకే ముఖం ముందుకొచ్చి నిలబడుతుంది.

ఆయిల్ ముట్టుకునే ముందే బట్టల పని అయిపోవాలి, ఎందుకంటే ఆ పని అక్రిలిక్‌తో, అంటే నీళ్లతో కలిపే రకంతో చేస్తాం. అక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు. బొవాఫో గిఫ్టు ప్యాకింగ్ కాగితాల డిజైన్లను కాన్వాస్ మీదికి దింపుతాడు. మనకు పుట్టపాక తేలియా రుమాలు ఉండగా గిఫ్టు కాగితం ఎందుకు? ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు, ఇంతకన్నా నిండైన డిజైన్ ఎక్కడ దొరుకుతుంది! రుమాలును ఫొటో తీసి, జిరాక్స్ షాపులో అద్దంలో కనిపించినట్టు తిప్పి, కలర్ లేజర్ ప్రింట్ తీయించండి. ఇంక్‌జెట్ ప్రింట్ వద్దు, తడి తగిలితే అలికిపోతుంది. కాన్వాస్ మీద మనిషి ఆకారం పెన్సిల్‌తో గీసుకుని, ప్రింటును చీర లేదా చొక్కా ఆకారానికి కత్తిరించండి. ఆ చోట అక్రిలిక్ జెల్ మీడియం (రంగు లేని చిక్కటి అక్రిలిక్ ముద్ద) దట్టంగా పూసి, బొమ్మ ఉన్న వైపు కిందికి అతికించి, పాత ఏటీఎం కార్డుతో గాలి బుడగలు పోయేలా నొక్కండి. రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున తడి స్పాంజితో కాగితాన్ని నానబెట్టి వేలితో మెల్లగా రుద్దితే కాగితం పొరలుగా లేస్తుంది, రంగు కాన్వాస్‌కే ఉండిపోతుంది. డబ్బు మిగులుతుందని తెల్ల జిగురు వాడకండి. రుద్దేటప్పుడు తడికి మెత్తబడి డిజైన్‌తో సహా ఊడి వస్తుంది.

ఇక ముఖం. రంగులు పళ్లెంలో పక్కపక్కన పెట్టండి, కలపొద్దు. పని మొత్తం ఇక్కడే ఉంది. వేలి కొసకు అంబర్, దాని పక్కనే కొంచెం నీలం అంటించి కాన్వాస్ మీద నొక్కి తిప్పండి. రెండూ సగం కలిసి సగం విడిగా చారలుగా పడాలి. వేలు ముఖం వంపు పోయిన దారిలో పోవాలి: నుదుటి మీద అడ్డంగా, చెంప మీద గుండ్రంగా, మెడ మీద కిందికి. వెలుగు పడే చోట తెలుపు కాదు, ఓకర్, సియెన్నా. కళ్ల కింద, దవడ కింద నీలం, ముదురు ఎరుపు. ఒకసారి వేసిన చోటికి మళ్లీ వెళ్లకండి. నున్నగా చేద్దామని రుద్దితే అంతా కలిసి బురద అవుతుంది, అప్పుడు ఎన్ని రంగులు కొన్నా దండగే. పెదవులకు చిటికెన వేలు. కళ్లకు మాత్రం సన్న బ్రష్ పట్టండి, కంటి తెలుపులో పిసరంత నీలం, అంబర్ కలపండి.

మనం చేత్తో తినేవాళ్లం కాబట్టి పల్చటి నైట్రైల్ గ్లౌజులు వేసుకోవడం మంచిది. ట్యూబు మీద కాడ్మియం అని ఉంటే అది విషపు లోహం, గ్లౌజులు తప్పనిసరి. చేతికి అంటిన రంగును టర్పెంటైన్‌తో కడగొద్దు. కొబ్బరినూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నేను పటాలు వేస్తుంటాను. పోయినవాళ్ల చిన్న ఫొటో తెచ్చి "అన్నా, జర ఎర్రగ ఎయ్యవా" అని అడగనివాళ్లు అరుదు. బతికినన్నాళ్లూ పత్తిచేన్లో ఎండకు కమిలిన మనిషిని గులాబీ రంగులో చూపిస్తే మనవళ్లు గుర్తుపట్టొద్దా? వాదన పెట్టుకోకండి. ఒక చిన్న ముక్క మీద చారల ముఖం వేసి ఫొటో పక్కన పెట్టండి, చాలామంది దానికే ఒప్పుకుంటారు. ఇంకా నసిగితే బొవాఫో కథ చెప్పండి. నిమ్మపండు డిజైన్ స్విమ్‌సూట్ వేసుకున్న అమ్మాయి బొమ్మ 2020 ఫిబ్రవరిలో లండన్ వేలంలో 6,75,000 పౌండ్లు పలికింది. 50 వేలు దాటితే గొప్ప అని అంచనా వేసిన బొమ్మ అది. నాకైతే ఆ రేటు కన్నా ఇంకో సంగతి నచ్చింది: 2021 ఆగస్టులో బ్లూ ఆరిజిన్ అనే అమెరికా కంపెనీ రాకెట్ మీద ఆయన వేసిన మూడు బొమ్మలు అంతరిక్షం అంచుదాకా పోయొచ్చాయి. వాటిలో ఒకటి వాళ్లమ్మది.

ఆరే సంగతి ముందే మాట్లాడుకోండి. పదకొండో రోజుకు పటం కావాలంటే ఆయిల్‌కు ఒప్పుకోకండి, మందంగా పడ్డ చారలు ఆరడానికి వారాలు పడుతుంది. అప్పుడు అక్రిలిక్‌లోనే వేయాలి. మా దగ్గర ఎండాకాలం రేకుల కింద అది నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి, రిటార్డర్ (ఆరడాన్ని ఆలస్యం చేసే మందు) కలిపి నుదురు ఒకసారి, చెంప ఒకసారి పూర్తిచేసుకుంటూ పోవాలి. సంవత్సరీకానికి అయితే నిశ్చింతగా ఆయిల్. వార్నిష్ ఆరు నెలల తర్వాతే వేయండి. ఇంటివాళ్లు అద్దం కావాలంటే ఫ్రేము కట్టేవాడితో బొమ్మకూ అద్దానికీ మధ్య సన్నటి పట్టీ పెట్టించండి, లేకపోతే చారలు అద్దానికి అతుక్కుంటాయి.