ఏఎస్ఐ గుడి పక్కన ఇల్లు బాగు చేయించుకోవాలంటే

పాలంపేటలోనో లేపాక్షిలోనో రక్షిత కట్టడానికి దగ్గర్లో ఇల్లుంటే, మేస్త్రీకి బయానా ఇచ్చే ముందు దూరం కొలిపించుకోండి. కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇవి 1958 చట్టానికి 2010లో చేసిన సవరణలోని హద్దులు. రాష్ట్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న గుళ్లకు వేరే చట్టాలున్నాయి: తెలంగాణలో 2017 నాటిది, ఆంధ్రలో 1960 నాటిది. కాబట్టి కట్టడం దగ్గర బోర్డు ఎవరిదో ముందు చూసుకోండి.

చాలామంది పప్పులో కాలేసేది కొలత దగ్గరే. గోపురం నుంచి కొలిచి 110 మీటర్లు వచ్చిందని గట్టెక్కామనుకుంటారు. లెక్క గోపురం నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. ప్రాకారం బయటి ఖాళీ జాగా కూడా అందులోకి రావచ్చు. గండికోటలాగా ఊరే కోటలోపల ఉన్నచోట హద్దు కంటికి తెలియదు. ఏఎస్ఐ హైదరాబాద్ లేదా అమరావతి సర్కిల్ కార్యాలయంలో సర్వే నంబరు చెప్పి హద్దు అడిగి తెలుసుకోవడం మేలు.

100 మీటర్ల లోపల కొత్త ఇల్లు కుదరదు, పై అంతస్తు కుదరదు, వరండా ముందుకు జరపడమూ కుదరదు. మరమ్మతుకు మాత్రం అనుమతి అడగవచ్చు. అదీ ఇల్లు 1992 జూన్ 16కు ముందుదై ఉండాలి, లేదా తర్వాత సరైన అనుమతితో కట్టిందై ఉండాలి. ఇక్కడో చిక్కుంది. పాత మట్టిగోడలు స్లాబు బరువు మోయవు. దాంతో గోడలు పడగొట్టి అదే కొలతల్లో మళ్లీ లేపుతారు. చట్టం దృష్టిలో అది మరమ్మతు కాదు, పునర్నిర్మాణం. నిషేధిత ప్రాంతంలో దానికి దారి లేదు. అందుకే దూలాలు మార్చి, పెంకులు తిరగనేయించి, గోడలు కదపకుండా సరిపెట్టుకోవడమే మంచిది. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పంచాయతీ ఇచ్చిన ప్లాను ఇక్కడ అక్కరకు రాదు.

నియంత్రిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఫారం-1తో పాటు యాజమాన్య పత్రం, కట్టడానికి ఎంత దూరమో చూపే సైట్ ప్లాను, ఎత్తులు వేసిన డ్రాయింగు, ఫొటోలు సిద్ధం చేసుకోండి. గ్రామకంఠం ఇళ్లకు రిజిస్టరు దస్తావేజు సాధారణంగా ఉండదు. పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఏవుంటే అవి బయటికి తీయండి, 1992 నాటికి ఇల్లుందని చూపడానికీ పనికొస్తాయి. డ్రాయింగులో స్లాబు ఎత్తు మాత్రమే రాసి వదిలేయొద్దు. పిట్టగోడ, మెట్లగది, నీళ్లట్యాంకు కలిపిన మొత్తం ఎత్తునే చూస్తారు. ట్యాంకును మరిచిపోతే తర్వాత దాన్నే దించాల్సి వస్తుంది.

దరఖాస్తు సమర్థ అధికారికి, అంటే అనుమతి ఇచ్చే అధికారికి, వెళ్తుంది. ఆయన 15 రోజుల్లో జాతీయ స్మారక ప్రాధికార సంస్థకు పంపాలి. అది రెండు నెలల్లో తన నిర్ణయం తెలపాలి. ఆ తర్వాత నెలలోపు మీకు జవాబు రావాలి. అన్నీ సవ్యంగా నడిచినా మూడున్నర నెలలు. సంక్రాంతి తర్వాత పని మొదలెట్టాలనుకుంటే వినాయక చవితి నాటికే కాగితాలు ఇచ్చేయండి.

అనుమతి వచ్చి పునాది తవ్వేటప్పుడు విగ్రహమో నాణేల కుండో బయటపడితే తవ్వకం ఆపించండి. 1878 నాటి నిక్షేప చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది, దాని ప్రకారం విలువ పది రూపాయలు దాటితే చాలు (ఆ అంకె ఈనాటికీ మారలేదు!) కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఉజ్జాయింపుగా దాని విలువెంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి అందులో ఉండాలి.