బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగువారికి: సేవాసంస్థల్లో వాలంటీరుగా చేరే ముందు

ఉద్యోగం కోసమో చదువు కోసమో బెంగళూరు చేరినవారిలో చాలామందికి మొదటి రెండు మూడు నెలలు ఇల్లు వెతుక్కోవడంతోనూ, ఆఫీసు దారి అలవాటు చేసుకోవడంతోనూ గడిచిపోతాయి. ఆ తరువాత శని, ఆదివారాలు ఖాళీగా కనిపించి, ఏదైనా సేవాసంస్థలో కొంత పని చేద్దామన్న ఆలోచన కలుగుతుంది. అలా అడిగేవారికి నేను మొట్టమొదట చెప్పేది ఇదే: ఈ నగరంలో మీ తెలుగుకు ఉన్న అవసరం మీ డబ్బుకు గానీ, మీ కంప్యూటరు చదువుకు గానీ లేదు. అన్నం వడ్డించడానికి, మొక్కలు నాటడానికి మనుషులు దొరుకుతారు. కన్నడం రాని ఒక రైతును డాక్టరు ముందు కూర్చోబెట్టి, అతని బాధను ఆయనకు, ఆయన మాటను ఇతనికి పొల్లుపోకుండా చేరవేసే మనిషి మాత్రం అంత సులభంగా దొరకడు.

ఇందుకు కారణం మన భూగోళంలోనే ఉంది. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. హైదరాబాదు గానీ విజయవాడ గానీ దానికి నాలుగు రెట్లకు పైగా దూరం. మడకశిర, పెనుకొండ, మదనపల్లె, పలమనేరు ప్రాంతాలవారికి పెద్ద జబ్బు చేస్తే ముందుగా గుర్తొచ్చే ఊరు బెంగళూరే. క్యాన్సర్ అయితే 1973లో ఏర్పడిన కిద్వాయికి, మెదడుకూ నరాలకూ మనసుకూ సంబంధించినదైతే నిమ్హాన్స్‌కు, గుండె జబ్బయితే జయదేవకో వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆసుపత్రికో వస్తారు. రాత్రి బస్సెక్కి, తెల్లవారుజామున మెజెస్టిక్ బస్టాండులో దిగి, జౌళి దుకాణం సంచిలో పాత ఎక్స్‌రేలు పెట్టుకుని ఓపీ వరుసలో నిలబడిన వారిని చూస్తే, ఏ పనిలో చేరాలో మిమ్మల్ని మీరు మళ్లీ అడుగనవసరం లేదు.

ఒకసారి నేను అటువంటి వరుసలోనే ఒక దంపతుల పక్కన నిలబడి ఉన్నాను. భర్త ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నర్సు వచ్చి, దయగానే, "ఉసిరు కట్టుత్తా?" అని అడిగింది. ఆ మాట వినగానే భార్య ముఖం పాలిపోయింది. కన్నడంలో ఉసిరు అంటే ఊపిరి, అంతే. మనకు ఉసురు అంటే ప్రాణం. ఎవరి ఉసురో తగిలిందని చెప్పుకునేటప్పుడూ అదే మాట. భర్త ఉసురు గురించి నర్సు ఏదో అశుభం పలికిందని ఆమె అనుకుంది. "ఊపిరాడక గస వస్తోందా అని అడుగుతోందమ్మా" అని చెప్పిన తరువాత గానీ ఆమె నోట మాట రాలేదు. రెండు భాషలూ పక్కపక్కన పెరిగినవి కనుక చాలా వరకు అర్థమవుతుందన్న ధైర్యం మనకుంటుంది; ఆసుపత్రిలో ఆ ధైర్యమే ప్రమాదం.

ఈ పని చేయదలచుకున్నవారు నేరుగా ఆసుపత్రి వార్డులోకి వెళ్లి సాయం మొదలుపెట్టకూడదు. పెద్ద ఆసుపత్రుల్లో సాధారణంగా వైద్య సామాజిక కార్యకర్తల విభాగం ఒకటి ఉంటుంది. అక్కడ గానీ, ఆ ఆసుపత్రితో కలిసి పనిచేసే సంస్థ ద్వారా గానీ పేరు నమోదు చేయించుకుని, గుర్తింపు కార్డు తీసుకుని వెళ్లాలి. కార్డు లేని మనిషిని రోగులు దళారీ అనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు, ఎందుకంటే ఊరుగానివారి అమాయకత్వం మీద బతికే దళారులు పెద్ద ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. ఎవరి డబ్బూ మీ చేతిలో పట్టుకోకండి. మందులు తెచ్చిపెట్టమని పెద్దాయన నోట్లు తీసి ఇచ్చినా, ఆయన్నే వెంటబెట్టుకుని కౌంటరు దాకా వెళ్లి, రసీదు ఆయన చేతికే ఇప్పించండి.

మాట చేరవేయడం చిన్న పనిగా కనిపిస్తుంది గానీ దానికి కట్టుబాట్లున్నాయి. డాక్టరు చెప్పింది అంతా చెప్పాలి, చెప్పనిది ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. మొదటి నెలలో నేనే ఈ కట్టుబాటు తప్పాను. ఈ మందు నొప్పిని తగ్గిస్తుంది, జబ్బును నయం చేయదు అని డాక్టరు స్పష్టంగా చెప్పారు. ఎదురుగా కూర్చున్న అవ్వ కళ్లలోకి చూసి ఆ రెండో సగం పలకలేక, "మందు వాడితే తగ్గుతుందవ్వా" అని ఊరుకున్నాను. ఆమె కొడుకు ఆ మాట నమ్మి, పొలం మీద అప్పు తెచ్చి మరో రెండు నెలలు ఎక్కడెక్కడో తిప్పాడు. తరువాత అదే గదిలో నిజం తెలిసినప్పుడు ఆ అబ్బాయి నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి, చెప్పలేని మాట ఎదురైతే డాక్టరునే చూసి, "ఈ మాట మీరే మరొకసారి నెమ్మదిగా చెప్పండి, నేను అలాగే చెబుతాను" అని అడుగుతున్నాను. జాలితో మాట తగ్గించే హక్కు మనకు లేదు.

పిలుపు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు అలవాటు కొద్దీ "మామ్మగారూ, ఎలా ఉందండీ" అంటారు. సీమ పల్లెల నుంచి వచ్చిన వృద్ధురాలికి ఆ మాటలో ఆఫీసరు వినిపిస్తాడు. "అవ్వా, యాడ నొప్పి?" అంటే ఆమె వెంటనే చెయ్యి చాచి చూపిస్తుంది. మందుల చీటీ ఇంగ్లీషులో, బోర్డులు కన్నడంలో ఉంటాయి కనుక, ఒక్కొక్క మందు అట్ట మీద తెలుగులో "ఉదయం, తిన్నాక", "రాత్రి, పడుకునే ముందు" అని పెన్నుతో రాసిపెట్టండి. చదువురాని వారైతే అన్నం ముద్దకు ఒక సున్న, సూర్యుడు, చందమామ గీసినా చాలు. తిరిగి రావలసిన తేదీని కూడా అంకెల్లో రాయండి. కన్నడంలో నిన్నె, మొన్నె అంటే మన నిన్న, మొన్నలే గానీ, నాళె అంటే రేపు, నాడిద్దు అంటే ఎల్లుండి. ఈ రెండూ తెలియక రావలసిన రోజు తప్పినవారిని నేను చూశాను.

పథకాల గురించి మీకు తెలిసి ఉండవలసినది ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని 2019 నవంబరు 1 నుంచి హైదరాబాదు, చెన్నైలతో పాటు బెంగళూరులోని ఎంపిక చేసిన ఆసుపత్రులకూ విస్తరించింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. అన్ని ఆసుపత్రులూ, అన్ని చికిత్సలూ దాని కిందికి రావు. కాబట్టి "కార్డు ఉంది కదా, ఫర్వాలేదు" అని మీరు మాట ఇవ్వకూడదు. అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రిలోని పథకం కౌంటరులో అడిగించాలి.

ఆసుపత్రి వాతావరణం అందరికీ పడదు, పడనివారు సిగ్గుపడవలసిన పని లేదు. మారతహళ్లి దాటాక ఉన్న కరుణాశ్రయను 1994లో ఏర్పడిన ట్రస్టు నడుపుతోంది. నయం కాని దశకు చేరిన క్యాన్సర్ రోగులను అక్కడ ఉచితంగా చూసుకుంటారు. అక్కడ వాలంటీరు చేసే పనిలో ఎక్కువ భాగం పక్కన కూర్చోవడమే. కానీ ఇంట్లో ఇటీవలే ఎవరినైనా పోగొట్టుకున్నవారు కొంతకాలం ఆగి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

చూపులేని విద్యార్థులకు చదివిపెట్టడం, పరీక్ష రాసిపెట్టడం మరొక మంచి మార్గం. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని సమర్థనం, మిత్రజ్యోతి వంటి సంస్థలు ఈ రంగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాయి. తెలుగు మాధ్యమంలో చదివి ఇక్కడికి వచ్చిన విద్యార్థికి తెలుగు పుస్తకాన్ని స్పష్టంగా చదివి రికార్డు చేసి ఇచ్చేవారు దొరకడం కష్టం. మీరు ఇంట్లో కూర్చునే ఆ పని చేయవచ్చు. పరీక్ష రాసిపెట్టేవారి చదువు ఎంతవరకు ఉండాలన్నది ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక ముందే అడిగి తెలుసుకోవాలి. అభ్యర్థికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలన్న నిబంధన ఉంది, కాబట్టి మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు కేటాయించుకోండి. పరీక్షహాలులో అతను చెప్పిన వాక్యమే రాయాలి. మీకు తెలిసిన మెరుగైన జవాబు మీ దగ్గరే ఉండాలి.

సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు భవనాల కట్టుబడి జరిగే చోట్ల రేకుల షెడ్లలో పాలమూరు, కర్నూలు నుంచి వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. వారితో పనిచేసే సంస్థల్లో తెలుగు చదవడం రాయడం వచ్చినవారు ఎంతమంది ఉన్నా చాలరు. చట్టం ప్రకారం 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసిన భవన నిర్మాణ కార్మికులు తమ సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. పని చేసినట్టు ధ్రువీకరణ కావాలి. మేస్త్రీ ఆ సంతకం పెట్టడానికి వెనకాడతాడు. అక్కడ మీరు తగవుకు దిగితే మీరు ఇంటికి వస్తారు, ఆ కూలీ మర్నాడు పని పోగొట్టుకుంటాడు. సంస్థలో అనుభవం ఉన్నవారిని ముందు పెట్టి మాట్లాడించండి. పిల్లల బడి విషయంలో మాత్రం ధైర్యంగా అడగవచ్చు: 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదన్న కారణంతో ప్రభుత్వ బడి పిల్లను చేర్చుకోకుండా ఆపకూడదు. సొంత ఊరి రేషన్ కార్డు మీద ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకునే వీలుందని కూడా చాలామందికి తెలియదు.

తెల్లవారుజామున వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారన్నది కొత్తవారికి ఆశ్చర్యంగా ఉంటుంది. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. వారి పిల్లలు మాట్లాడేది తెలుగు, చదివేది కన్నడం. వారి కాలనీలో సాయంకాలం ట్యూషన్ చెప్పడానికి వెళ్లేవారు తెలుగు వాచకాలు పట్టుకెళ్లి లాభం లేదు. పాఠం తెలుగు మాటలో వివరించి, కన్నడ అక్షరాల్లో రాయించాలి. అందుకు మీరు కన్నడ లిపి నేర్చుకోవాలి. రెండు లిపులూ ఒకే మూలం నుంచి వచ్చినవి, క, త వంటి కొన్ని అక్షరాలూ తలకట్టూ తప్ప మిగిలినవి చూడగానే తెలుస్తాయి. బస్సు బోర్డులు చదువుతూ పోతే రెండు వారాల్లో వస్తుంది. మాట కూడా నేర్చుకోండి. "స్వల్ప నిధానవాగి హేళి" (కొంచెం నెమ్మదిగా చెప్పండి) అని అడిగితే విసుక్కున్న కన్నడిగులు నాకు ఇంతవరకు ఎదురుకాలేదు.

పిల్లలతో పనిచేసే సంస్థ మీ దగ్గర పోలీసు ధ్రువీకరణ అడిగితే నొచ్చుకోకండి. అడగని సంస్థ విషయంలోనే ఆలోచించాలి. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. కాబట్టి పుట్టినరోజు కేకు కోసిన ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం ముచ్చట కాదు, నేరం. ఏ పిల్ల అయినా తనపై జరిగిన అఘాయిత్యం గురించి మీతో చెబితే, గుచ్చిగుచ్చి ప్రశ్నలు వేయకుండా విని, అదే రోజు సంస్థలో బాధ్యులకు తెలియజేయండి. పిల్లల సహాయ నంబరు 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసి దాచడం కూడా తప్పే. వృద్ధుల విషయమైతే 14567 సహాయ నంబరు ఉంది.

సంస్థను ఎంచుకునేటప్పుడు ట్రస్టుగానో సొసైటీగానో నమోదైందా, విరాళానికి ఆదాయపు పన్ను రాయితీకి పనికొచ్చే రసీదు ఇస్తుందా, ఏటా లెక్కలు చూపుతుందా అని అడగండి. మర్యాదగా అడిగితే మంచి సంస్థలు సంతోషంగా చూపుతాయి. ఇక్కడ మనవారు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్యతో సంస్థ మామూలు ఖాతాలోకి డబ్బు వేయిస్తారు. విదేశీ పౌరుడు పంపే సొమ్ము, మనవాడు పంపినా సరే, విదేశీ విరాళమే అవుతుంది. దానికి అనుమతి ఉన్న సంస్థ, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతా ద్వారానే తీసుకోవాలి. మంచి మనసుతో పంపిన డబ్బు ఆ సంస్థ అనుమతికే ముప్పు తెస్తుంది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి పంపేదానికి ఈ నిబంధన వర్తించదు.

ఇక సమయం. మారతహళ్లిలో ఉంటూ రాజాజీనగర్‌లోని సంస్థలో చేరితే, రెండో నెలకే దారి మిమ్మల్ని ఆపేస్తుంది. ఇంటికి అరగంట లోపు ఉన్నదాన్ని ఎంచుకుని, వారానికి రెండు గంటలే అయినా ఒకే రోజు, ఒకే వేళకు వెళ్లండి. "శనివారం ఆ తెలుగబ్బాయి వస్తాడు" అని వార్డులో తెలిసినప్పుడే సిస్టరు తెలుగు రోగుల సందేహాలను ఆ రోజుకు దాచి ఉంచుతుంది. ఆరు నెలలు ఉండగలనన్న నమ్మకం లేకపోతే, పిల్లలతోనూ పడకలో ఉన్నవారితోనూ కూడిన పని కాకుండా పుస్తకాల రికార్డింగు వంటిది తీసుకోండి.

ఉద్యోగం మారి ఊరు విడవవలసి వస్తే నెల ముందే చెప్పి, మీ స్థానంలో వచ్చేవారిని రెండు వారాలు పక్కన నిలబెట్టుకుని పని చూపించండి. మీకు తెలిసిన రోగుల్లో ఎవరు ఏ తేదీకి మళ్లీ రావలసి ఉందో సంస్థ పుస్తకంలో రాసి ఇవ్వండి; మీ సొంత ఫోనులో ఉన్న వారి వివరాలను తీసివేయండి. పదిహేను రోజులకొకసారి వచ్చే అవ్వకు మాత్రం మీరే స్వయంగా చెప్పండి, వచ్చేసారి వరుసలో ఆమె వెతికేది మీ ముఖాన్నే.