ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ రోజున టీమ్ డాక్టర్ పని: ఏది ముందు, ఏది తర్వాత

ఆటగాడు మైదానంలో పడిపోయాక టీమ్ డాక్టర్ కొత్తగా ఆలోచించాల్సింది చాలా తక్కువ ఉండాలి. తల ఎవరు పట్టుకుంటారు, ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఎవరి దగ్గర ఉంటుంది, అంబులెన్స్ ఏ ద్వారంలోంచి వస్తుంది అన్నవి కిక్‌ఆఫ్‌కు, అంటే ఆట మొదలవడానికి, ముందే తేలిపోవాలి. స్పోర్ట్స్ మెడిసిన్ ఫెలోషిప్ ముగించి అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) క్లబ్బుకు పనిచేయబోయే డాక్టర్లకు ఆ రోజు పని ఏ వరసలో సాగాలో ఇక్కడ చెబుతున్నాం.

కిక్‌ఆఫ్‌కు ముందు

ఒక్కో మ్యాచ్‌కు స్టేడియంలో సుమారు 30 మంది వైద్య సిబ్బంది ఉంటారు. రెండు జట్ల ఆర్థోపెడిక్, ప్రైమరీ కేర్ డాక్టర్లు, అథ్లెటిక్ ట్రైనర్లు కాక, శ్వాసమార్గంలో గొట్టం వేయడంలో ఆరితేరిన ఎమర్జెన్సీ డాక్టరో అనస్థీషియా డాక్టరో ఒకరు ఉంటారు. కంటి డాక్టరు, దంతవైద్యుడు, ఎక్స్‌రే టెక్నీషియన్, పారామెడిక్‌లు కూడా అందుబాటులో ఉంటారు. తలకు తగిలే దెబ్బల కోసం ఏ జట్టుకూ చెందని న్యూరోట్రామా కన్సల్టెంట్లను (మెదడు గాయాల నిపుణులను) లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి నియమిస్తాయి: ప్రతి సైడ్‌లైన్‌కు (మైదానం పక్క గీత దగ్గర జట్టు నిలబడే చోటుకు) ఒకరు, పైన బూత్‌లో ఒకరు. బూత్‌లో కూర్చునే స్పాటర్లు వీడియోలో అనుమానాస్పదమైన దెబ్బ కనిపిస్తే ఆట ఆపించగలరు. 2015 నుంచి వాళ్లకు ఆ అధికారం ఉంది.

కిక్‌ఆఫ్‌కు 60 నిమిషాల ముందు రెండు జట్ల వైద్య బృందాలు, రిఫరీ, అంబులెన్స్ సిబ్బంది కలుస్తారు. చేతులు కలిపి పేర్లు చెప్పుకుని వెళ్లిపోయే సమావేశంగా దీన్ని చూడకండి. ఏ ట్రామా సెంటర్‌కు తీసుకెళ్తారు, స్ట్రెచర్, ఎయిర్‌వే బ్యాగ్ ఎక్కడున్నాయి, ఏఈడీలు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయి అని అడగండి. ప్రేక్షకుల హోరులో రేడియో వినపడదు కాబట్టి అందరినీ పిలిచే చేతి సైగ ఏదో అక్కడే ఒకసారి చేసి చూపించమనండి. తర్వాత అంబులెన్స్ దాకా ఒకసారి నడిచి రండి. టీవీ కేబుళ్లు, కెమెరా బండ్లు స్ట్రెచర్ దారికి అడ్డం ఉంటే అప్పుడే కనిపిస్తాయి.

పరాయి ఊళ్లో ఆడుతుంటే ఇంకో చిక్కు ఉంది. ఓపియాయిడ్ల (అలవాటు పడే ప్రమాదమున్న బలమైన నొప్పి మందులు) వంటి నియంత్రిత మందులు రాష్ట్రం దాటించి బ్యాగులో పట్టుకెళ్లకూడదు, ఎందుకంటే డీఈఏ (అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నమోదైన చోటికే వర్తిస్తుంది. 2014 నవంబరులో డీఈఏ అధికారులు మ్యాచ్‌లు అయ్యాక సందర్శక జట్లను తనిఖీ చేశారు కూడా. ఇప్పుడు ఆ ఊళ్లో లైసెన్స్ ఉన్న డాక్టరు ఒకరు సందర్శక జట్టుకు తోడుగా ఉంటారు. మందు రాయాలన్నా, ఆసుపత్రిలో చేర్పించాలన్నా ఆయనే దిక్కు. ఆయన ఫోన్ నంబరు ముందే సేవ్ చేసుకోండి.

ఆట నడుస్తుండగా ఎటు చూడాలి

బంతి వెంట చూపు పోనివ్వకండి. చెప్పినంత తేలిక కాదిది, ఆట మీద ఇష్టం ఉన్నవాళ్లకు మరీను. విజిల్ పడ్డాక కుప్పలోంచి ఎవరు లేవలేదో, లేచినవాళ్లలో ఎవరు తూలుతున్నారో, ఎవరు తప్పు హడిల్ (ఆటకు ముందు జట్టు గుమిగూడే గుంపు) వైపు నడుస్తున్నారో చూడండి. అరుస్తూ నేలను గుద్దుతున్న ఆటగాడికి ఊపిరి ఆడుతోంది, చేతులు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా పడి ఉన్నవాడి దగ్గరికే పరుగు పెట్టాలి.

దగ్గరికి వెళ్లిన మొదటి నిమిషం

మాట్లాడించేలోపే ఒకరు తలవైపు మోకాళ్ల మీద కూర్చుని హెల్మెట్‌ను రెండు వైపులా పట్టుకుని తల కదలకుండా ఆపాలి. సాధారణంగా ఈ పని హెడ్ ట్రైనర్‌ది. ఆ క్షణం నుంచి ఏ కదలికకైనా లెక్క చెప్పేది ఆయనే. స్పృహ, శ్వాస, నాడి చూడండి. స్పృహ ఉంటే మెడ నొప్పి ఉందా, వేళ్లు కదులుతున్నాయా, తిమ్మిరి ఎక్కడుంది అని అడగండి.

దెబ్బ తగలకుండా కూలినా, ఛాతీకి దెబ్బ తగిలి కూలినా, స్పృహ లేకపోతే గుండె ఆగిందనే అనుకుని మొదలుపెట్టండి. తొలి క్షణాల్లో కాళ్లూ చేతులూ కొట్టుకుంటే మూర్ఛ అని, అప్పుడొకటి అప్పుడొకటిగా వచ్చే ఎగశ్వాస చూసి ఊపిరి ఆడుతోందని పొరపడటం మామూలు. 2023 జనవరి 2న సిన్సినాటీలో బఫెలో బిల్స్ ఆటగాడు డామర్ హామ్లిన్ ట్యాకిల్ చేశాక లేచి నిలబడి, ఆ వెంటనే వెనక్కి పడిపోయాడు. మైదానంలోనే సీపీఆర్, షాక్ ఇచ్చారు. బతికాడు, ఆ ఏడాదే మళ్లీ ఆడాడు.

షోల్డర్ ప్యాడ్ల మీదుగా నొక్కితే లోతు అందదు. జెర్సీని మెడ నుంచి కింది అంచు దాకా కత్తిరించి, ప్యాడ్ల ముందున్న తాళ్లు, పక్క పట్టీలు కోసి రెండు వైపులా తెరవండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. సీపీఆర్, షాక్ రెండూ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది.

మెడ: హెల్మెట్ తీయాలా, ఉంచాలా

ఇక్కడ జరిగే తప్పు ఎక్కువగా ఒకటే: హెల్మెట్ మాత్రం తీసేసి ప్యాడ్లు ఉంచడం. ప్యాడ్లు భుజాలను ఎత్తి ఉంచుతాయి, హెల్మెట్ పోగానే తల వెనక్కి వాలి మెడ విరుచుకుంటుంది. అందుకే తీస్తే రెండూ తీయాలి, లేకపోతే రెండూ ఉంచాలి. తీయడానికి తర్ఫీదు ఉన్నవాళ్లు కనీసం ముగ్గురు కావాలి.

హెల్మెట్ ఉంచినా ఫేస్‌మాస్క్ (ముఖం ముందుండే కడ్డీల జాలీ) మాత్రం వెంటనే తీసేయండి, ఎందుకంటే ఇప్పుడు బాగానే ఊపిరి తీస్తున్నవాడు అంబులెన్స్‌లో ఆపేయొచ్చు. కొన్ని మోడళ్లలో నొక్కితే ఊడే క్లిప్పులుంటాయి, మిగతావాటికి కార్డ్‌లెస్ స్క్రూడ్రైవర్ వాడాలి. చెమటకు తుప్పు పట్టిన స్క్రూ తిరగకుండా అరిగిపోతుంది, అప్పుడు ప్లాస్టిక్ పట్టీనే కట్టర్‌తో కోయాలి. అందుకే రెండు పనిముట్లూ ట్రైనర్ నడుముకే ఉండాలి. మీ జట్టులో ఎవరు ఏ హెల్మెట్ వాడుతున్నారో సీజన్ మొదట్లోనే ఎక్విప్‌మెంట్ మేనేజర్ దగ్గర తెలుసుకుని, ఒక్కో రకం మీద విప్పడం సాధన చేయండి.

ఆటగాడు బోర్లా పడి ఉంటే తల పట్టుకునే వ్యక్తి తన చేతులను ముందే ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేసి పట్టుకోవాలి. ఒళ్లు తిరిగి వెల్లకిలా వచ్చేసరికి ఆ చేతులు విడిపోయి సరైన స్థితిలో ఉంటాయి. మామూలుగా పట్టుకుంటే తిప్పాక చేతులు మెలిపడి మధ్యలో పట్టు మార్చుకోవాల్సి వస్తుంది. వెల్లకిలా ఉన్నవాణ్ణి బోర్డు మీదికి చేర్చడానికి ఎనిమిది మంది కావాలి: తల దగ్గర ఒకరు, ఒక్కో వైపు ముగ్గురు, బోర్డు జరపడానికి ఒకరు. లెక్క పెట్టేది తల దగ్గరి వ్యక్తే.

ఒక చెయ్యి మాత్రమే భుజం నుంచి వేళ్ల దాకా మండుతూ చచ్చుబడితే అది సాధారణంగా స్టింగర్, అంటే మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు సాగి లేదా నలిగి వచ్చే ఇబ్బంది. మెడ నొప్పి లేకుండా అన్ని వైపులా తిరిగి, డెల్టాయిడ్ (భుజం), బైసెప్స్ (పై చేయి) కండరాల బలం రెండో చేతితో సమానంగా వచ్చాకే ఆటలోకి వెళ్లనివ్వండి. రెండు చేతులకూ వచ్చినా, కాళ్లకు వచ్చినా స్టింగర్ అనే మాటే ఎత్తకండి. వెన్నుపాము గాయంగానే చూసి బోర్డు ఎక్కించండి.

తల

కంకషన్ (దెబ్బతో మెదడు పని చెదరడం) అని అనుమానం వస్తే ముందు హెల్మెట్ తీసి దగ్గర పెట్టుకోండి. హెల్మెట్ చేతికందితే మీరు పక్కకు తిరిగేలోగా ఆటగాడు మైదానంలో ఉంటాడు. సైడ్‌లైన్‌లో పరీక్షల కోసం వేసే నీలి టెంట్‌లో న్యూరోట్రామా కన్సల్టెంట్‌తో కలిసి పరీక్ష చేయండి: మనం ఎక్కడున్నాం, ఇది ఎన్నో క్వార్టర్, చివరి స్కోరు ఎవరిది, పోయిన మ్యాచ్ ఎవరితో, గెలిచామా అని అడగాలి. మెడ, మాట, నడక, కంటి కదలికలు చూడాలి. సైడ్‌లైన్ స్క్రీన్ మీద ఆ దెబ్బ వీడియో తప్పక చూడండి. ఆటగాడి జవాబులన్నీ సరిగ్గా ఉన్నా, పడ్డప్పుడు చేతులు బిగుసుకుని గాల్లో నిలిచిన సంగతి వీడియోలోనే దొరుకుతుంది.

స్పృహ తప్పడం, గందరగోళం, జ్ఞాపకం పోవడం, తూలడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. తూలడాన్ని, అంటే అటాక్సియాను, 2022 అక్టోబరులో ఈ జాబితాలో చేర్చారు. అంతకుముందు దాన్ని వెన్ను నొప్పి వల్లనో కాలి గాయం వల్లనో అని సమర్థించుకునే వీలుండేది. మళ్లీ ఆడాలంటే అయిదు దశలు దాటాలి: లక్షణాలు పెరగనంత మేర కదలిక, ఏరోబిక్ వ్యాయామం, ఫుట్‌బాల్‌కు సంబంధించిన కసరత్తు, ఢీకొట్టడం లేని ప్రాక్టీస్, పూర్తి ప్రాక్టీస్. చివర్లో స్వతంత్ర న్యూరాలజీ నిపుణుడు కూడా ఒప్పుకోవాలి.

మోకాలు, చీలమండ

ఏసీఎల్ (మోకాలి లోపలి ముందు లిగమెంటు) చూడటానికి లాక్‌మన్ పరీక్ష, అంటే మోకాలు కొద్దిగా వంచి కింది ఎముకను ముందుకు లాగి చూడటం, మొదటి కొన్ని నిమిషాల్లోనే చేయండి. పావుగంట పోతే వాపు వచ్చి, తొడ కండరాలు బిగుసుకుని తెగిన లిగమెంటు కూడా గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. ముందు బాగున్న మోకాలితో మొదలుపెట్టి ఆ మనిషి సహజమైన సడలింపు ఎంతో తెలుసుకుని, తర్వాత 20 నుంచి 30 డిగ్రీలు వంచి గాయపడ్డ మోకాలు చూడండి. పక్కకు తెరుచుకోవడం 30 డిగ్రీల వంపులో మాత్రమే ఉంటే ఎంసీఎల్ (మోకాలి లోపలి వైపు లిగమెంటు) గాయం. కాలు పూర్తిగా చాపినా తెరుచుకుంటే ఇంకా ఏవో తెగాయి.

రెండు మూడు లిగమెంట్లు వదులైతే, మోకాలు ఊడి తనంతట తానే కూర్చుందేమో అని అనుమానించి పాదం నాడి చూడండి. నాడి దొరికిందని వదిలేయకండి, ధమని లోపొర చిరిగినా మొదట్లో నాడి తెలుస్తుంది. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వస్తే వెంటనే యాంజియోగ్రామ్ (రక్తనాళాల స్కాన్) చేయించాలి. 2017 అక్టోబరులో న్యూ ఆర్లీన్స్‌లో షికాగో బేర్స్ ఆటగాడు జాక్ మిల్లర్‌కు మోకాలు ఊడి ధమని దెబ్బతింది. అత్యవసర శస్త్రచికిత్సతోనే కాలు దక్కింది.

చీలమండ బెణికితే పిక్క మధ్యలో రెండు ఎముకలనూ కలిపి నొక్కండి. నొప్పి కింద చీలమండ పైభాగంలో వస్తే అది హై యాంకిల్ స్ప్రెయిన్. మామూలు బెణుకు కంటే వారాల తరబడి ఎక్కువ పడుతుందని కోచ్‌కు అప్పుడే చెప్పేయడం మేలు.

నొప్పి మందులు

కీటోరోలాక్ (బలమైన నొప్పి నివారణ మందు) ముందుజాగ్రత్తగా, వరసలో నిలబెట్టి అందరికీ ఇచ్చే మందు కాదు. ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటుంది, తలకు దెబ్బ తగిలితే రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. మూత్రపిండాలకూ భారమే. అన్ని రూపాలూ కలిపి 5 రోజులు మించకూడదు. ఆ చోటు మాత్రమే తిమ్మిరెక్కించే మత్తు ఇంజెక్షన్ భుజం పైనున్న ఏసీ కీలుకు (కాలర్ ఎముక, భుజం ఎముక కలిసే చోటు) ఇవ్వొచ్చు. మోకాలు, చీలమండ వంటి బరువు మోసే కీళ్లకు వద్దు, నొప్పి తెలియని కీలు మీద ఆటగాడు ఇంకా గట్టిగా పరిగెత్తుతాడు. పక్కటెముకల దగ్గర సూది ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి అల్ట్రాసౌండ్ చూస్తూ ఇవ్వండి.

కోచ్‌తో, ఆటగాడితో

కోచ్‌కు మూడే జవాబులు: ఆడతాడు, ఆడడు, ఇంకా చూస్తున్నాం. "ఎనభై శాతం బాగున్నాడు" అంటే ఆయనకు వినిపించేది ఎనభై మాత్రమే. ఆటగాళ్ల సంఘంతో లీగ్ చేసుకున్న ఒప్పందంలోని 39వ ఆర్టికల్ ప్రకారం చికిత్స విషయంలో మీ మొదటి బాధ్యత ఆటగాడికి, క్లబ్బుకు కాదు. ఆడితే గాయం బాగా ముదురుతుందనుకుంటే ఆ మాట అతనికి రాతపూర్వకంగా ఇవ్వాలి. క్లబ్బు ఖర్చుతో రెండో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు అతనికి ఉంది. అడిగితే నొచ్చుకోకుండా స్కాన్లు పంపించండి.

మ్యాచ్ అయ్యాక లాకర్ రూమ్‌లో అందరినీ ఒక చుట్టు చూడండి. ఆటలో చెప్పని నొప్పులు అప్పుడు బయటికొస్తాయి. స్టేడియం వదలకముందే రికార్డు రాసేయండి, ఏ క్వార్టర్‌లో ఏ ఆటకు దెబ్బ తగిలిందో సహా. బుధవారం నుంచి జట్టు ఇచ్చే గాయాల నివేదికకు, కంకషన్ దశల లెక్కకు ఆ రాతే ఆధారం.