చైనాతో లోటు, మన ఉద్యోగాలు: లీడర్ చెప్పే మాటని ఎలా పట్టి చూడాలి

టీవీలో డిబేట్ మొదలైతే చాలు, ఒకాయన "చైనాతో ట్రేడ్ డెఫిసిట్ 100 బిలియన్ డాలర్లకి పోయింది, మన పిల్లల ఉద్యోగాలన్నీ వాళ్ళే తన్నుకుపోతున్నారు" అంటాడు, ఎదుటాయన "మీ హయాంలో మొదలైందే కదా" అంటాడు, గంట అయిపోతుంది, ఎవరి ఉద్యోగం పోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. మాది హిందూపురం వైపు, చుట్టాల్లో కొందరు పట్టుగూళ్లు పండిస్తారు, కొందరు ధర్మవరంలో మగ్గం నేస్తారు, కాబట్టి ఈ గొడవ మాకు ఇంట్లో గొడవే. నేను ఎలా చూస్తానో చెప్తా.

ముందు నంబర్ సరిచూసుకోండి. 2024-25లో మనం చైనాకి అమ్మింది 14.25 బిలియన్ డాలర్లు, కొన్నది 113.45, లోటు 99.2. అదే 2003-04లో లోటు 1 బిలియన్ చిల్లర. అంటే ఇది ఒక్క పార్టీ టైంలో పెరిగింది కాదు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణ తర్వాత 59 చైనా యాప్‌లు బ్యాన్ చేశారు, చైనా సరుకు కొనొద్దని ఊరూరా అన్నారు, 2020-21లో 44 బిలియన్ ఉన్న లోటు మరుసటి ఏడాదే 73 దాటింది. కామర్స్ మినిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎక్స్‌పోర్ట్ ఇంపోర్ట్ డేటా బ్యాంక్ ఉంది, అందులో దేశం, సంవత్సరం ఎంచుకుంటే ఎవరైనా చూసుకోవచ్చు. మనది ఏప్రిల్ నించి మార్చి లెక్క, చైనా వాళ్ళది జనవరి నించి డిసెంబర్, అందుకే ఒకరు మన లెక్క ఇంకొకరు వాళ్ళ లెక్క చెప్తే రెండూ కలవవు, అది అబద్ధం అవ్వాల్సిన పని లేదు.

తర్వాత ఆ 113 బిలియన్లలో ఏముందో చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. బొమ్మలు, దీపావళి లైట్లు అనుకుంటాం గానీ ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్ పార్టులు, మెషిన్లు, కెమికల్స్, సోలార్ సెల్స్, బ్యాటరీలు. ఫోన్ పార్టులు రాకపోతే శ్రీసిటీ, తిరుపతి వైపు ఫోన్లు బిగించే అమ్మాయిలకి పని ఉండదు. కాబట్టి ఒక్కో సరుకు దగ్గర ఒకటే అడగండి, ఇది మన ఫ్యాక్టరీ లోపలికి పోయేదా, మన ఫ్యాక్టరీని మూయించేదా అని.

కొన్నిసార్లు ఒకే సరుకు రెండు పనులూ చేస్తుంది, పట్టే తీసుకోండి. చైనా రా సిల్క్ దారం ఒకే మందంతో వస్తుంది, పడుగుకి తెగదు, నేసేవాళ్ళకి అదే కావాలి. 2011 బడ్జెట్‌లో దాని మీద కస్టమ్స్ డ్యూటీ 30 శాతం నించి ఒక్కసారిగా 5కి దించేశారు, దారం కొనేవాళ్ళకి ఊరట, మల్బరీ తోట పెట్టుకున్న రైతుకి మాత్రం దెబ్బ, గూళ్ల రేటు పడిపోయింది. 2013లో 15కి పెంచారు, మధ్యలో తగ్గించారు, 2021లో మళ్ళీ 10 నించి 15 చేశారు. డ్యూటీ పెంచితే మా రైతు బంధువులు సంతోషం, దించితే మా మగ్గం నేసే బంధువులు సంతోషం, పెళ్లిలో పక్కపక్కనే కూర్చుని భోంచేస్తారు. "దేశీ ఉద్యోగాలు కాపాడతాం" అనే లీడర్ వీళ్ళిద్దర్లో ఎవర్ని అంటున్నాడో చెప్పాలి, రెండో వాళ్ళకి ఏం ఇస్తాడో కూడా చెప్పాలి. నా మటుకు నేను డ్యూటీ ఉండాలనే అంటా, కానీ ఆ వచ్చిన డబ్బులోంచి మగ్గానికి దారం సబ్సిడీ ఇవ్వాలి, లేకపోతే అన్యాయం.

మందులదీ ఇదే దారి. యాంటీబయాటిక్ మందులకి ముడిసరుకు అయిన పెన్సిలిన్-జి ఒకప్పుడు మన దగ్గరే చేసేవాళ్ళం, చైనాది చవగ్గా రావడంతో మన ప్లాంట్లు ఒక్కోటీ ఆగిపోయాయి. 2020లో పెట్టిన పీఎల్ఐ స్కీమ్ (ఇక్కడ తయారు చేసే కంపెనీలకి ప్రభుత్వం ప్రోత్సాహక డబ్బు ఇచ్చే పథకం) కింద కాకినాడలో మళ్ళీ ప్లాంట్ వచ్చింది, 2024 అక్టోబర్‌లో ప్రారంభించారు. పెట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు, చైనా వాళ్ళు రేటు దించితే మన ట్యాబ్లెట్ కంపెనీలు ఎవరి దగ్గర కొంటాయి? ఇది అడక్కుండా ప్లాంట్ ఫొటో చూపించి చప్పట్లు కొట్టించుకుంటే ఊరుకోకండి.

ఇంకోటి, అటు పక్కన నిలబడి కూడా చూడండి. 2023-24లో బంగ్లాదేశ్‌కి మనం 11 బిలియన్ల సరుకు అమ్మి 2 బిలియన్ల లోపే కొన్నాం. వాళ్ళ దగ్గర ఇండియా గురించి సరిగ్గా ఇదే మాట మాట్లాడుకుంటారు. వాళ్ళు మన దగ్గర కొనేదాంట్లో పత్తి, నూలు ఎక్కువ, అవి వాళ్ళ గార్మెంట్ ఫ్యాక్టరీల్లోకే పోతాయి, అంటే ఆ లోటు వాళ్ళకి ఉద్యోగాలు కూడా ఇస్తోంది.

ఇక మీ ఊరికి లీడర్ వస్తే మొత్తం లోటు గురించి అడగొద్దు, దానికి అందరి దగ్గరా రెడీమేడ్ స్పీచ్ ఉంటుంది. ఒక్క సరుకు పేరు పట్టుకోండి. "రా సిల్క్ మీద డ్యూటీ ఇప్పుడెంత సార్, మీరొస్తే ఎంత చేస్తారు, ధర్మవరం మగ్గానికి ఆ తేడా ఎవరు కడతారు" అని అడగండి, అడిగి మైక్ వెంటనే ఇచ్చెయ్యకండి, నంబర్ చెప్పేదాకా పట్టుకోండి.